సరోజ ఎత్తు బెల్లం

మెడ చూసే ఉద్యోగం

నేను మత్తు డాక్టర్ని. తమిళనాడు ధర్మపురిలోనే పుట్టి, ధర్మపురిలోనే పని చేసి, ధర్మపురిలోనే రిటైరయ్యాను. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. మా నాయన పట్టుబట్టి తెలుగు అక్షరాలు నేర్పించాడు కాబట్టి ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. మా వైపు పిల్లలెవరైనా ఈ వృత్తిలోకి వస్తే చదువుతారని ఆశ. చదవడం రాకపోతే ఎవరిచేతనైనా చదివించుకోండి. సిగ్గుపడాల్సిన పని లేదు.

మత్తు డాక్టరంటే సూది వేసి నిద్రపుచ్చే మనిషి అని లోకం అనుకుంటుంది. సర్జన్లలో కూడా సగం మంది అలాగే అనుకుంటారు. నిద్రపుచ్చడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మత్తులో ఉన్న మనిషి తన ఊపిరి తాను తీసుకోలేడు. ఆ ఊపిరిని మన చేతుల్లోకి తీసుకుని, పని అయ్యాక భద్రంగా మళ్లీ ఆ మనిషికే అప్పగించాలి. ఉద్యోగమంతా అదే. అందుకే మేం ముఖం కంటే ముందు మెడ చూస్తాం. పెళ్లిళ్లకు పోయినా నా చూపు మెడల మీదే ఉంటుంది. ఈమెకు నగల పిచ్చి అని మా చుట్టాల్లో నాకు పేరు కూడా వచ్చింది.

ఒళ్లు బాగా పెరిగిన మనిషిని బల్ల మీద పడుకోబెట్టాలంటే నాకు చివరి రోజు దాకా భయమే. వెల్లకిలా పడుకోగానే పొట్ట బరువు ఊపిరితిత్తుల మీదికి తోస్తుంది. మెడలో చేరిన కొవ్వు గొంతును లోపలి నుంచి ఇరుకు చేస్తుంది. నాలుక వెనక్కి జారితే గాలికి దారి ఉండదు. ఒంట్లో నిలవ ఉన్న ఆక్సిజన్ సన్నటి మనిషికి వచ్చినంత సేపు రాదు. అంటే, గొంతులో గొట్టం వేయడం కష్టం, వేయడానికి దొరికే సమయమూ తక్కువ. బీపీ, షుగరు, గుండె జబ్బు సంగతి చెప్పనే లేదు. అవి పిలవకుండానే వెంట వస్తాయి.

ఈ మాట మా ఊళ్లలో చెబితే నవ్వుతారు. ఇది కరువు చూసిన జిల్లా. ఒళ్లు అంటే కలిమి. కోడలు ఒళ్లు చేస్తే అత్తింటికి మంచి పేరు, చిక్కితే ఆ ఇంట్లో తిండి పెట్టడం లేదని ఊరంతా గుసగుసలు. ఒక జబ్బును జబ్బు అని ఒప్పించడానికే నా సగం ఓపిక అయిపోయేది. నాకు ఓపిక మొదటి నుంచీ తక్కువ.

చెప్పులు వేసుకున్న చీఫ్

నాకు పని నేర్పించినాయన సర్కారు ఆసుపత్రిలో మా చీఫ్. ఎండిపోయిన మనిషి, ముక్కు మీద కోపం. నేను చేరిన కొత్తలో ఒక లారీ ఓనరుకు అపెండిసైటిస్ ఆపరేషన్. భారీ మనిషి. చీఫ్ ఆయన్ని నోరు తెరవమన్నాడు, మెడ వెనక్కి వంచమన్నాడు, రెండు వేళ్లతో గడ్డం కింద కొలిచాడు. "ఇక్కడ వద్దు, సేలం పంపండి" అన్నాడు. సర్జన్ కేకలేశాడు. చీఫ్ థియేటర్ బయటికి పోయి, చెప్పులు వేసుకుని బెంచీ మీద కూర్చున్నాడు. చెప్పులు వేసుకున్నాడంటే ఇక లోపలికి రాడని అందరికీ తెలుసు.

పేషెంటును సేలం పంపారు. అన్ని సౌకర్యాలున్న ఆ పెద్ద ఆసుపత్రిలో కూడా గొట్టం వేయడానికి ఇద్దరు సీనియర్లు చెమటలు కక్కారట. మనిషి బతికాడు. చీఫ్ నాతో అన్న మాట ఒకటే. "సూది ఎక్కించక ముందు నువ్వు డాక్టరువి. ఎక్కించాక నువ్వు కూడా ఆ బల్లకు కట్టేసినట్టే. కాదు అనాలంటే ముందే అను."

ఆయనకు మర్యాద తెలియదని అందరూ అనేవారు. నిజమే, తెలియదు. మర్యాద తెలిసిన మత్తు డాక్టర్లను కూడా నేను చూశాను. వాళ్లు సర్జన్ల మాట కాదనలేరు, పేషెంట్ల ఇళ్లవాళ్లకు తర్వాత ముఖం చూపించలేరు.

మధ్యాహ్నం కునుకు

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయింది. అప్పటికి నేను సర్కారు ఉద్యోగం వదిలి ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నాను. పిక్కిలి అనే ఊరి దగ్గర నుంచి ఒక తెలుగు రైతు కుటుంబం వచ్చింది. కోడలు సరోజ, నలభై లోపు మనిషి. బొడ్డు దగ్గర పేగు బయటికి జారి, నిమ్మకాయంత ఉబ్బు. దగ్గితే పెద్దదవుతుంది, పడుకుంటే లోపలికి పోతుంది. అది ఎప్పుడైనా లోపలికి పోకుండా ఇరుక్కుంటే పేగు కుళ్లుతుంది, ప్రాణానికి వస్తుంది. ఆపరేషన్ తప్పదు.

ఆమె నడిచి గదిలోకి వచ్చేసరికే ఆయాసపడుతోంది. మోకాళ్లు పట్టుకుని కూర్చుంది. మెడ, గడ్డం ఎక్కడ కలుస్తాయో కనబడలేదు. ఎంత లావు అని అడగకండి, మా ఆసుపత్రి తూకపు మిషన్ ముల్లు చివరికంటా పోయి ఆగిపోయింది. వార్డు బాయ్ కిసుక్కుమన్నాడు. వాడిని బయటికి పంపాను. పిల్లలూ, మీ థియేటర్లో లావు మీద జోకులు వేసేవాళ్లను మొదటి రోజే బయటికి పంపండి. ఆ నవ్వు విన్న మనిషి తర్వాత మీకు నిజం చెప్పదు.

ఆ మధ్యాహ్నం భోజనమయ్యాక సరోజను మంచం మీద కునుకు తీయమని, పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నాను. గురక మొదలైంది. పెద్దగా, పెద్దగా, ఉన్నట్టుండి ఆగింది. రొమ్ము ఎగిరెగిరి పడుతోంది, ముక్కు దగ్గర గాలి లేదు. ఒంట్లో ఆక్సిజన్ తగ్గేకొద్దీ, వేలికి తగిలించిన మిషన్ చప్పుడు స్వరం కిందికి దిగుతోంది. నేను లేపుదామని చెయ్యి చాచేలోపల ఆమె ఒక్క ఉదుటున ఎగశ్వాస తీసింది. మళ్లీ గురక. మళ్లీ ఆగడం.  ఈ మనిషి ప్రతి రాత్రీ ఇలా ఎన్నోసార్లు గొంతు మూసుకుని బతుకుతోంది, ఇంటిల్లిపాదీ పక్క గదిలో పడుకుని "సరోజ హాయిగా నిద్రపోతోంది" అనుకుంటున్నారు.

మా సర్జన్ నర్సింగ్ హోమ్ యజమాని కూడా. తమిళాయన, మా మాటలన్నీ తమిళంలోనే. చేతివేగం ఉన్న మనిషి, ఆ వేగం ఆయన గొప్పా, జబ్బూ.

"చిన్న ఆపరేషన్ డాక్టర్. మీరు మత్తు పెట్టి కాఫీ తాగేలోపల కుట్లు వేసేస్తాను" అన్నాడు.

"మీది చిన్న ఆపరేషనే సార్, నాది కాదు. బరువు తగ్గాలి, రాత్రిపూట ఊపిరికి మిషన్ పెట్టుకోవాలి. అప్పుడే మత్తు."

"మీరు కాకపోతే సేలం నుంచి ఇంకొకర్ని పిలుస్తాను."

"పిలవండి. ఆ వచ్చేవాళ్లను కూడా మధ్యాహ్నం ఆమె పక్కన కూర్చోమనండి."

ఆయన బల్ల మీది ఫైలు విసిరాడు. నేను తీయలేదు. చివరికి ఆయనే తీసి, "మూడు నెలలు. ఈలోపల ఇరుక్కుంటే?" అన్నాడు.  ఆ ప్రశ్న ఆపరేషన్ అయ్యేదాకా నా నిద్ర పాడు చేసింది. ఉబ్బు గట్టిపడినా, నొప్పి వచ్చినా, వాంతయినా, క్షణం ఆగకుండా తీసుకురమ్మని సరోజకూ ఆమె మొగుడికీ నోటికి వచ్చేదాకా చెప్పించాను.

సాయం ఎక్కడ దొరుకుతుంది

బరువు తగ్గు అనడం తేలిక. ఎవరి దగ్గరికి పోవాలి? అప్పట్లో ధర్మపురిలో బట్టలు కుట్టేవాళ్లు వీధికొకరు, తిండి సంగతి చెప్పేవాళ్లు ఒక్కరూ లేరు. సరోజ మొగుడు నాకు చెప్పకుండా ఆమెను సేలంలో ఒక సన్నబడే సెంటర్‌కు తీసుకుపోయాడు. నడుముకు గడగడలాడే బెల్టు కట్టి, ఏదో పొడి డబ్బా ఇచ్చి పంపారు. ఆ డబ్బా తెచ్చి చూపిస్తే చెత్తబుట్టలో వేశాను. ఉబ్బు మీద బెల్టు కట్టిన ఆ మహానుభావుడు నాకు ఎదురుపడి ఉంటే ఏం చేసి ఉండేదాన్నో.

తర్వాత నేనే సేలంలో ఒక ఆసుపత్రి డైటీషియన్‌ను వెతికి పంపాను. చిన్న పిల్ల, మంచి చదువు. ఓట్స్, ఆలివ్ నూనె, బ్రౌన్ బ్రెడ్ అని చీటీ రాసిచ్చింది. సరోజ ఆ చీటీ నా ముందు పెట్టి నవ్వింది.

"అక్కా, దీంట్లో మా ఇంట్లో ఉండేది నీళ్లొకటే."

నేను డైటీషియన్‌కు ఫోన్ చేసి కసిరాను. ఆ పిల్ల మాత్రం కోపగించుకోలేదు. "వాళ్లు ఏం తింటారో చెప్పండి మేడమ్, రాసుకుంటాను" అంది. రాగి సంగటి ఎంత, దాంట్లోకి ఉలవచారు, ఆకుకూర, సామల అన్నం, తెల్లన్నం ఒక్క పూటే, టీలో చక్కెర మానడం, ఇంటి చుట్టూ రెండుపూటలా నడక. ఇదీ కొత్త పద్ధతి. వారం వారం ఫోన్లో సరోజతో మాట్లాడతానని కూడా ఒప్పుకుంది. బెంగళూరులో నాకు తెలిసిన ఒక డాక్టరు, నిద్రలో ఊపిరిని లోపలికి తోసే మిషన్ వాడుకోవడానికి ఇచ్చాడు. అన్నీ సమకూరాయని కొంచెం ఊపిరి పీల్చుకున్నాను.

నెల తర్వాత సరోజ వచ్చింది. మా మిషన్ చాలక మొదటిసారి మండీలో బస్తాలు తూచే కాటా మీద తూయించాం, ఈసారి సేలం ఆసుపత్రిలో తూయించాం. బరువు తగ్గలేదు. కొంచెం పెరిగింది.

మొక్కు

"ఏం తింటున్నావు?" అని గట్టిగా అడిగాను. సరోజ తల వంచుకుంది. పక్కన ఉన్న అత్త పాపమ్మ జవాబు చెప్పింది.

"నేనే పెడతా ఉండాను డాక్టరమ్మా. దాన్ని అనొద్దు."

"ఎందుకు పెద్దమ్మా? అంత చెప్పినాను కదా?"

"వేండుదల ఉంది. ఆపరేషన్ మంచిగా అయితే దీని ఎత్తు బెల్లం ఇస్తానని ఇంటిదేవుడికి మొక్కినాను. మొక్కేటప్పుడు ఎంత బరువుందో అంత ఇయ్యాల. ఇప్పుడు దీన్ని ఎండగట్టి, సన్నగా చేసి తక్కెట్లో కూర్చోపెడితే, దేవుణ్ణి ఏమార్చినట్టు కాదా? నాకు కోడలి ప్రాణం కావాల. అట్లాంటి వంచన నేను చెయ్యను."

 అది పిసినారితనం కాదు, మొండితనం కూడా కాదు. కోడలి మీద ప్రేమతోనే ఆమెను చావు వైపు తోస్తోంది. నేను కోపంతో గొంతు పెంచాను. "దేవుడికి బెల్లం ఇచ్చే లోపల కోడలు ఉండదు పెద్దమ్మా!" ఆమె కూడా లేచి నిలబడింది. "అపశకునం మాట్లాడొద్దు! నువ్వు డాక్టరువి అయితే అయ్యుండొచ్చు, నా ఇంటి దేవుడు నీకు ఏం తెలుసు?"

ఇద్దరం అరుచుకుంటుంటే సరోజ ఏడుపు మొదలుపెట్టింది. "మీ ఇద్దరికీ నా బరువే కావాల. నిద్రలో ఊపిరాడక లేస్తాను, మళ్లీ కండ్లు మూయాలంటే భయం. చిన్నది స్కూలుకు పోతా ఉంది, దాని జడ ఎవురు వేస్తారని తెల్లారేదాకా ఆలోచిస్తాను. ఆ భయం ఎట్లుంటుందని ఒకరన్నా అడిగినారా?"

నిజంగానే అడగలేదు. మేమిద్దరం కూర్చున్నాం. నేను గొంతు తగ్గించి పాపమ్మను అడిగాను. "మొక్కు ముందే తీర్చేస్తే? ఇప్పుడున్న బరువుకే బెల్లం ఇచ్చేద్దాం. తర్వాత తగ్గితే ఏమార్చినట్టు కాదు కదా?"

పాపమ్మ తల అడ్డంగా ఊపింది. "పని కాకముందే ఇచ్చేస్తే దేవుడికి మన మీద ధ్యాస ఉంటుందా?" అంది. నవ్వు వచ్చింది కానీ ఆపుకున్నాను. ఆమె చాలా సీరియస్‌గా అడిగింది. చివరికి, "పువ్వు అడుగుదాం. దేవుడు సరే అంటే సరే" అంది.

పువ్వు పడలేదు

పువ్వు అడగడమంటే, విగ్రహం మీద తడి పువ్వు అంటించి మనసులో మాట చెప్పుకోవడం. కుడివైపు పడితే సరే, ఎడమవైపు పడితే వద్దు. ఆదివారం నేనూ పిక్కిలి పోయాను. నాకెందుకు అని మా ఇంట్లో తిట్టారు. ఆ పువ్వు ఎడమవైపు పడితే నా పేషెంటు చస్తుంది, అందుకని పోయాను.

చిన్న గుడి. ముందు రెండు రాతి స్తంభాల మధ్య ఇనుప గొలుసులతో తక్కెడ వేలాడుతోంది. బెల్లం అచ్చులు బస్తాల్లో సిద్ధంగా ఉన్నాయి. దాయాదులంతా వచ్చారు. పూజారి కూడా వాళ్ల దాయాదే. గన్నేరు పువ్వు తడిపి విగ్రహం భుజం మీద అంటించాడు. అందరూ చూస్తున్నారు. నేను జీవితంలో ఎన్నో మానిటర్లు రెప్పవేయకుండా చూశాను, ఆ పువ్వును చూసినంత భయంగా దేన్నీ చూడలేదు.

పువ్వు పడలేదు. ఎండ ఎక్కింది. పిల్లలు విసిగి వెళ్లిపోయారు. కుడికీ పడదు, ఎడమకీ పడదు. "దేవుడికి ఇష్టం లేనట్టుంది" అని వెనక ఎవరో గొణిగారు.  పూజారి గంట మోగించి మళ్లీ అడిగాడు. అది అక్కడే ఉంది.

అప్పుడు సరోజ లేచింది. మోకాళ్లు పట్టుకుంటూ, రొప్పుతూ, అంతమంది ముందు నడిచి పోయి తక్కెడ పలక మీద కూర్చుంది. గొలుసులు కిర్రుమన్నాయి. ఆమెది లావు మనిషి సిగ్గు, నలుగురిలో కుర్చీలో కూర్చోవడానికి కూడా జంకే మనిషి.

"అత్తా, దేవుడు చెప్పేలోపల నేను పోతే ఎట్ల?" అంది.

 పాపమ్మ విగ్రహం వైపు చూసింది, కోడలి వైపు చూసింది. తర్వాత కొంగు నడుముకు దోపి, మొదటి బెల్లం అచ్చు తానే ఎత్తి అవతలి పలక మీద పెట్టింది. ఆ తర్వాత దాయాదులు కూడా చేతులు వేశారు. సరోజ కాళ్లు నేల మీది నుంచి లేచేదాకా బెల్లం వేస్తూనే ఉన్నారు. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. నేను ఏడ్చినట్టు మా సర్జన్‌కు ఎప్పుడూ చెప్పలేదు.

ఆ రోజు నుంచి పాపమ్మ వేరే మనిషి. ఇంటిల్లిపాదికీ అదే తిండి. సరోజకు ఒకటి, మిగతావాళ్లకు ఒకటి వండలేదు. "కోడలు చిక్కిపోతా ఉంది, ఏం పాపమ్మా?" అన్నవాళ్లతో, "మా ఇంటి సంగతి మీకేల?" అని తగువు పెట్టుకుంది. రాత్రి మిషన్ మూతికి తగిలించేది కూడా ఆమే. పిల్లలకు ఒక మాట చెబుతాను. బరువు తగ్గాల్సిన మనిషికి వంద మాటలు చెప్పే ముందు, ఆ ఇంట్లో వడ్డించే చెయ్యి ఎవరిదో కనుక్కోండి. ఆ చెయ్యి మీ వైపు లేకపోతే మీ చీటీ చిత్తుకాగితమే.

బల్ల మీద

అనుకున్న తేదీకి ఇంకా వారాలుండగా, ఒక ఉదయం సరోజను జీపులో తెచ్చారు. ఉబ్బు రాయిలా గట్టిపడి ఉంది. వాంతులు. సేలం పంపే సమయం లేదు. సర్జన్ చేతులు కడుక్కుంటూ నా వైపు చూశాడు. "మీరు సరే అంటేనే" అన్నాడు. సరే అన్నాను.

ఆమె మేం అనుకున్నంత తగ్గలేదు. కానీ తగ్గింది. మెడకూ గడ్డానికీ మధ్య ఒక గీత కనబడుతోంది. వీపు కింద, తల కింద దుప్పట్లు మడిచి మడిచి పెట్టి, చెవీ రొమ్మెముకా ఒకే వరసకు వచ్చేదాకా ఎత్తాను. మాస్క్ పెట్టి ఆక్సిజన్ పట్టించాను.

"అక్కా, లేస్తానా?" అంది మాస్క్ లోపల నుంచి.

"నీ ఊపిరి నా చేతిలో ఉంటుంది. వదలను" అన్నాను.

సూది ఎక్కింది. సిస్టర్ సరోజ మెడ మీద వేలితో నొక్కి పట్టింది, కడుపులోది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోకుండా. గొంతులోకి చూశాను. దారి కనబడలేదు. చుట్టూ మెత్తటి కండ మాత్రమే. మానిటర్ చప్పుడు దిగడం మొదలైంది. ఆ చప్పుడు దిగుతుంటే చెవులకు వేరే ఏదీ వినబడదు. తల ఇంకొంచెం ఎత్తాను. మళ్లీ చూశాను. కింద ఒక సన్నటి చీలిక, అంతే. దాని వైపు సన్నని రబ్బరు కడ్డీ తోశాను. చప్పుడు ఇంకా దిగింది. సర్జన్ చేతులు పైకెత్తుకుని నిలబడి ఉన్నాడు. కడ్డీ మీదుగా గొట్టం జార్చాను. గాలి సంచి నొక్కాను.

రొమ్ము లేచింది. చప్పుడు మెల్లగా పైకి ఎక్కింది. స్టూలు లాక్కుని కూర్చున్నాను. పేగు నల్లబడక ముందే బయటికి తీశారు. సర్జన్ ఆ రోజు తొందరపడలేదు. సరోజను కూర్చోబెట్టే లేపాం. సాయంత్రానికి మంచినీళ్లు అడిగింది. పాత బరువుతోనే వచ్చి ఉంటే ఆ కాసేపు సరిపోయేది కాదు. ఇది నా గట్టి నమ్మకం. ఎవరైనా కాదంటే, ఆ చప్పుడు దిగడం నేను విన్నాను, వాళ్లు వినలేదు.

పాపమ్మ అడిగింది

కుట్లు విప్పే రోజు సరోజను ముందు పంపేసి, పాపమ్మ నా గదిలో వెనకబడింది. తలుపు మూసింది. ఆమెదీ భారీ ఒళ్లే, కుర్చీ చేతుల మధ్య కష్టంగా ఇమిడింది.

"డాక్టరమ్మా, కోడలికి మిషన్ తగిలించే ముందర రోజూ చూస్తా ఉన్నాను. గురక వస్తాది, ఆగిపోతాది, మళ్లా వస్తాది. మా అమ్మ కూడా అట్లే గురక పెట్టేది. ఒక రాత్రి ఆగింది, మళ్లా రాలేదు. అప్పుడు నేను చిన్నది, పక్కనే పడుకోనుండాను. నిద్రలోనే పోయింది, పుణ్యాత్మురాలు అని ఊరంతా అన్నారు. ఇన్నేండ్లు నేనూ అట్లే అనుకున్నాను."

నేను కుర్చీ ఆమె దగ్గరికి జరుపుకున్నాను.

"అది పుణ్యం కాదు కదా?"

"కాదు పెద్దమ్మా" అన్నాను.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేనూ గురక పెడతానంట. సరోజ చెప్పింది. నన్ను కూడా ఒకసారి పడుకోబెట్టి చూడు."

నేను లేచి మంచం మీది దుప్పటి సరిచేసి, స్టూలు పక్కకు లాక్కున్నాను.